ఊడని గుండీ

ఆ ఉదయం టైలర్ పెట్టుకున్న పని చాలా చిన్నది. హీరో తొడుక్కునే నల్ల అంగీ ఇస్త్రీ చెయ్యడం, ఆఖరి షాట్ చూసి ఇంటికి పోవడం. ఇన్నేళ్లుగా సినిమా వాళ్లకు బట్టలు కుడుతున్నా తెర మీద ఆయన పేరు ఒక్కసారీ పడలేదు. ఈ కుంగ్‌ఫూ గురువు సినిమాకి వేస్తానని దర్శకుడు మాటిచ్చాడు. "ఈసారైనా పడుతుందా, ఎప్పట్లాగే నన్ను కళ్లు చిట్లించుకుని వెతుక్కోమంటారా?" అని బయల్దేరేటప్పుడు భార్య అడిగింది కూడా.

అంగీ తీసి చూస్తే ఛాతీ మీది గుండీ ఒక్క పోగుకి వేలాడుతోంది. ఆయనకి ఒళ్లు మండిపోయింది. తన కుట్టుకి ఇంత అప్రతిష్ఠా! నాలుగు పోగుల దారానికి మైనం రాసి, ఏనుగు లాగినా రాకుండా కుట్టేశారు. ఎవర్నీ ఒక్క మాట అడగలేదు.

సెట్లో కృత్రిమ వర్షం మొదలయ్యాక దర్శకుడు వివరించాడు. "ఇందులో కొట్టుకోవడాల్లేవు. ప్రత్యర్థి వేలు ఇలా తగుల్తుంది. ఒక్క గుండీ రాలి నీళ్లలో పడుతుంది. గురువు ఓడిపోయాడని ఆ అలలే చెప్పాలి. అందుకే పొద్దున్నే గుండీ నేనే వదులు చేసి పెట్టాను."

టైలర్‌కి పై ప్రాణాలు పైనే పోయాయి. చెబుదామని నోరు తెరిచారు. తెర మీద పేరు గుర్తొచ్చి మూసుకున్నారు.

వేలు తగిలింది. గుండీ రాలలేదు.

"ఏమైంది మాస్టారూ?"

"తడికి దారం బిగుసుకున్నట్టుంది సార్."

వెంటనే వర్షం ఆపించి, వయసు మళ్లిన హీరోని అంగీతో సహా పెద్ద ఫ్యాను ముందు నిలబెట్టారు. హీరో తుమ్మడం మొదలెట్టాడు. అంగీ ఆరింది గాని గుండీ రాలేదు.

"కాస్త గట్టిగా లాగితే వస్తుందేమో సార్," అన్నారు టైలర్, చేసింది చాలనట్టు.

ప్రత్యర్థి వేషం వేసినవాడు నిజం వస్తాదు. మొహమాటపడకుండా లాగాడు. అంగీ ముందు భాగమంతా గుండీతో సహా వాడి పిడికిట్లోకి వచ్చేసింది. లోపల హీరో నడుంనొప్పి బెల్టు బయటపడింది. హీరో తూలి, వెనకున్న పట్టుతెర పట్టుకున్నాడు. కళా దర్శకుడు నెలల తరబడి సిరాతో కొంగలు గీసిన తెర అది. తెర నీళ్లలో కూలింది, కొంగలన్నీ కరిగి నీళ్లు నల్లబడ్డాయి. కళా దర్శకుడు ఆ నీళ్లలోనే చతికిలబడి ఏడ్చాడు.

ఆ ఏడుపు చూడలేక టైలర్ ఒప్పేసుకున్నారు. "గుండీ నేనే కుట్టాను సార్. తప్పంతా నాదే."

దర్శకుడు ఆయన వైపు చూడకుండా, ఇంకా తిరుగుతున్న కెమెరా దగ్గరికి వెళ్లాడు. నాలుగు తిట్టినా బాగుండేదనిపించింది. ఆ తర్వాత సూది పట్టినప్పుడల్లా ఆయనకి కొంగలే కనిపించేవి. పొద్దున ఒక్క మాట అడిగి ఉంటే ఎంత బాగుండేది!

సినిమా విడుదలయ్యాక, పేరుండదని భార్యతో చెప్పే ధైర్యం లేక ఆవిడ వెంట వెళ్లారు. ఆఖరి దృశ్యంలో గుండీ రాలలేదు. చిరిగిన అంగీతో, నడుముకి బెల్టుతో, సిరానీళ్లలో ఒంటరిగా నిలబడ్డాడు ముసలి గురువు. ఆ ఓటమి చూసి హాల్లో ఎవరూ కదల్లేదు. ఎక్కడో ఎవరో ముక్కు చీదారు. బొమ్మ అక్కడే ఆగింది. సరిగ్గా చిరుగు పక్కన, అందరికంటే ముందు, 'దుస్తులు' అంటూ టైలర్ పేరు పడింది.

భార్య ఆయన చెయ్యి పట్టుకుంది. సంతోషించాలో ఏడవాలో ఆవిడకి తెలియలేదు.

"ఏమండీ, ఇన్నేళ్లకి పేరు పడితే, అదీ చిరిగిన బట్ట మీదా?"

"గుండీ మాత్రం ఊడలేదు," అన్నారాయన.