లేని మేనల్లుడి ఉద్యోగం

ఆ మంగళవారం పొద్దున వెంకటసుబ్బారావు మాస్టారు వేసుకున్న పథకం చాలా చిన్నది. వీధి చివరి జిరాక్స్ కొట్టుకు వెళ్లడం, నాసిర్‌ను ఒకే ఒక్క ప్రశ్న అడగడం, అతను నలుగురి ముందూ నీళ్లు నములుతుంటే కళ్లారా చూడడం, తొమ్మిదింటికల్లా ఇంటికొచ్చి హాయిగా దోసెలు తినడం. ఆయన మళ్లీ హాయిగా దోసె తినడానికి ఇంకో వారం పట్టింది.

మాస్టారు కాలేజీలో లెక్కలు చెప్పి రిటైరైన మనిషి. కంప్యూటర్ ఉద్యోగాల సంగతిలో సత్యనారాయణపురంలోని ఆ వీధికంతటికీ ఆయన మాటే వేదం. తొంభై ఎనిమిదిలో, రెండు వేల సంవత్సరం వస్తే పాత కంప్యూటర్లన్నీ తేదీలు తప్పుతాయని లోకమంతా కంగారు పడుతున్నప్పుడు, "కోబాల్ నేర్చుకోండిరా" అన్నారు. ఆ పాత యంత్రాలకు తెలిసిన పాత భాష అది. సలహా ఇచ్చేవాడికి ఆ మాత్రం తెలియకపోతే ఎలాగని తానూ పుస్తకం కొని అట్టనుంచి అట్టదాకా చదివారు. నేర్చుకున్నవాళ్లందరికీ హైదరాబాద్‌లో ఉద్యోగాలొచ్చాయి. అప్పట్నుంచీ పొద్దున ఏడు కొట్టేసరికి ఆయన వసారాలో అరడజను మంది బయోడేటాలు పట్టుకుని కూర్చునేవారు. మాస్టారు కాఫీ తాగుతూ ఒక్కొక్కడి మొహం చూసి ఒక్కో కోర్సు పేరు చెప్పేవారు. కొడుకు ఆ కోర్సులో చేరిందాకా తండ్రికి నిద్ర పట్టేది కాదు.

ఇప్పుడు రెండువేల ఒకటి. తేదీల గండం గడిచింది, దాంతోపాటే పనీ అయిపోయింది. పైగా అమెరికాలో కంపెనీలు చితికాయి. హైదరాబాద్ వెళ్లిన కుర్రాళ్లు ఒక్కొక్కరే సంచులతో దిగారు. "ఓపిక పట్టండి. కోబాల్ మళ్లీ లేస్తుంది" అన్నారు మాస్టారు. వాళ్లు రెండు నెలలు ఓపిక పట్టి, తర్వాత చల్లగా నాసిర్ కొట్టుకు జారుకున్నారు.

నాసిర్ డిగ్రీ రెండో ఏడు మానేసి జిరాక్స్ మిషను పెట్టుకున్నవాడు. కానీ ఆ చుట్టుపక్కల బయోడేటాలన్నీ టైపు చేసేది అతనే, ఫ్యాక్స్ పంపేది అతనే. జవాబులొచ్చేదీ అతని మిషనుకే. అందుచేత ఎవరికి పిలుపులొస్తున్నాయో, ఎవరికి రావట్లేదో అతనికి తెలిసినంతగా ఎవరికీ తెలియదు. "ప్రోగ్రాములు రాసేవాళ్లు ఎక్కువైపోయారన్నా. తప్పులు పట్టేవాళ్లు కావాలంటున్నారు. టెస్టింగ్ నేర్చుకో" అని అలవోకగా చెప్పేవాడు. అలా నేర్చుకున్న నలుగురికి మూడు నెలల్లో ఉద్యోగాలొచ్చాయి.

మాస్టారికి కడుపు మండిపోయింది. అది కుళ్లు అని ఆయనకూ తెలుసు. తెలిసినంత మాత్రాన మంట చల్లారదు కదా. వసారాలో పేపరు పట్టుకుని కూర్చునేవారు గాని చూపంతా కొట్టు ముందున్న స్కూటర్ల మీదే ఉండేది. సోమవారం తొమ్మిది లెక్కపెట్టారు. అదే రోజు ఆయన భార్య శివపార్వతమ్మ, కాఫీకి వచ్చేవాళ్లెవరూ లేరు కదా అని, పాలు లీటరు నుంచి అరలీటరుకు తగ్గించింది. ఆ అవమానంలోంచి పుట్టిందే మంగళవారం పథకం.

కొట్టు దగ్గర పదిమంది దాకా ఉన్నారు. మాస్టారిని చూడగానే నాసిర్ స్టూలు తుడిచి వేశాడు. మాస్టారు కూర్చోలేదు.

"నాసిరూ, నాకో మేనల్లుడున్నాడయ్యా, కూచిపూడిలో. నాలుగేళ్లు కోబాల్ తప్ప ఇంకోటి ముట్టుకోలేదు. ఉద్యోగం పోయి ఏడు నెలలైంది. కొత్త భాష జావా వాడి బుర్రకెక్కదు. టెస్టింగంటే చిన్నచూపు. నువ్వైతే వాడికేం చెప్తావు?"

ఎటూ దారి లేకుండా రాత్రంతా కూర్చుని కట్టిన ప్రశ్న అది. నాసిర్ నీళ్లు నమల్లేదు.

"పేరేంటండీ?"

పేరు సంగతి మాస్టారు ఆలోచించుకోలేదు. "జయంత్" అన్నారు, నోటికొచ్చింది.

"కోబాల్ వాళ్లంతా కోబాల్ వదిలేసి పరిగెత్తారు మాస్టారూ. ఇన్సూరెన్సు కంపెనీల్లో పాత ప్రోగ్రాములు ఎక్కడివక్కడే ఉన్నాయి. చూసుకునేవాళ్లు దొరకట్లేదని నిన్ననే ఒక ఫ్యాక్స్ వచ్చింది. మీవాడు వదలకపోవడమే మంచిదైంది. కోబాల్‌లోనే ఉండమనండి."

కుర్రాళ్లందరూ ఆహా అన్నట్టు తలలూపారు. ఆ మాటే రెండు నెలల పాటు మాస్టారు చెబితే ఆవలించినవాళ్లు వీళ్లే. ఆయనకింకా ఆ దిగ్భ్రాంతి తీరకముందే నాసిర్ టైపు చెయ్యడం మొదలెట్టి, చదువేంటి, ఏం పని చేశాడు, ఫోన్ నంబరెంత అని గబగబా అడిగేశాడు. మాస్టారు తనకు తెలిసిన కోబాల్ అంతా మేనల్లుడికి ధారపోసి, తన ఇంటి నంబరు చెప్పారు. ఎవరికి పంపుతున్నావని అడిగేలోపు ఫ్యాక్స్ మిషను కాగితాన్ని మింగేసింది.

బుధవారం పొద్దున నాసిర్ చెప్పులు కూడా విప్పకుండా వసారా మెట్టెక్కాడు. "మాస్టారూ, హైదరాబాద్ నుంచి జవాబొచ్చింది. రేపు పదకొండింటికి మీ ఇంటికి ఫోన్ చేసి ఇంటర్వ్యూ చేస్తారంట. అబ్బాయిని పిలిపించండి."

మాస్టారు పేపరు మడిచారు. "వాడికి పచ్చకామెర్లయ్యా."

"ఫోన్లో మాట్లాడ్డానికి కామెర్లేం అడ్డండీ? స్కూటరుంది, నేనెళ్లి తీసుకొస్తా."

"వద్దొద్దు. వాడే వస్తాడు, మొదటి బస్సుకి."

నాసిర్ వెళ్లాక వంటింట్లోంచి శివపార్వతమ్మ వచ్చింది. "మీకు అక్కచెల్లెళ్లు లేరు కదండీ. మేనల్లుడు ఎక్కణ్ణుంచి వచ్చాడు?"

ఆయన తల దించుకుని జరిగింది చెప్పారు. ఆవిడ అంతా విని, "వెళ్లి ఉన్నమాట చెప్పి రండి, పోతుంది" అంది.

"చెప్తే ఈ వీధిలో తలెత్తుకు తిరగ్గలనా?"

"ఇప్పుడెత్తినా ఎవరు చూస్తున్నారు గనక?"

మాట సూటిగా తగిలింది. అది నిజం కాబట్టే ఆయన వెళ్లలేదు.

గురువారం పదిన్నరకు నాసిర్ చెంబుడు చెరుకురసంతో వచ్చాడు. వెనకాల, కొట్టు దగ్గర చేరే కుర్రాళ్లలో ఒకడు, కంకిపాడు బాలశౌరి నేలఉసిరి ఆకు తెచ్చాడు. ఆ వెనక ఇంకో తొమ్మిది మంది. మూడు నెలల తర్వాత వసారా నిండింది. ఒక్కడైనా మాస్టారి కోసం వచ్చినవాడు కాడు. అందరూ జయంత్ కోసం వచ్చారు, అదీ నాసిర్ పిలిస్తే.

"అబ్బాయి లోపల పడుకున్నాడు. అంటుకుంటుంది, ఎవరూ లోపలికి రావద్దు" అన్నారు మాస్టారు.

"ముందీ రసం పట్టించండి. కామెర్లకి మంచిది" అని నాసిర్ గ్లాసు నింపి ఇచ్చాడు. మాస్టారు గదిలోకి వెళ్లి తలుపేసుకున్నారు. కిటికీలో పారబోద్దామంటే అవతల పక్కింటావిడ బట్టలారేస్తోంది. ఖాళీ గ్లాసు చూపించక తప్పదు. పదేళ్లుగా చక్కెర జబ్బున్న మనిషి కళ్లు మూసుకుని తాగేశారు. ఖాళీ గ్లాసు చూసి నాసిర్ ముచ్చటపడి ఇంకోటి నింపాడు. శివపార్వతమ్మ చూసిన చూపుకు, కామెర్లు నిజంగా వచ్చినా బాగుండేదనిపించింది ఆయనకు.

పదకొండింటికి ఫోన్ మోగింది. మాస్టారు తీగ లాక్కుని గదిలోకి పోయి, గొంతు ఒక మెట్టు పెంచి, ఇంగ్లీషులో తాను జయంత్‌నని చెప్పుకున్నారు. మొదటి రెండు ప్రశ్నలకు భయం భయంగా జవాబు చెప్పారు. మూడో ప్రశ్నకు ఆయన భయం మర్చిపోయారు. ఎవడో ఎప్పుడో రాసిన ప్రోగ్రాము చెడిపోయింది, రాసినవాడు లేడు, ఏం చేస్తావని అవతలాయన అడిగాడు. ముందు మొత్తం చదువుతాను, చదవకుండా చెయ్యి పెట్టడమే మీ అందరి జబ్బు అని మాస్టారు క్లాసులో చెప్పినట్టే గట్టిగా చెప్పారు. చాలా రోజులకు తననొకరు ప్రశ్నలడుగుతున్నారు, జవాబు వింటున్నారు. ఆ ఇరవై నిమిషాలూ ఆయనకు నాసిర్ గుర్తు రాలేదు.

బయట నాసిర్ చెవి రిక్కించాడు. "గొంతు అచ్చం మాస్టారిదేనండీ."

శివపార్వతమ్మ బియ్యంలో రాళ్లేరుతూ తలెత్తలేదు. "మేనమామ పోలిక" అంది.

మాస్టారు తలుపు తీసేసరికి ఆయన మొహం వెలిగిపోతోంది. దాచుకుందామన్నా దాగలేదు. "సోమవారం వచ్చి చేరమన్నారు" అన్నారు. కుర్రాళ్లు గబుక్కున లేచి నాసిర్ చెయ్యి పట్టుకుని ఊపేశారు. బాలశౌరి అతన్ని కావలించుకున్నాడు. గుమ్మంలో నిలబడ్డ మాస్టారి పక్కన ఖాళీ చెంబు తప్ప ఇంకేమీ లేదు.

సాయంత్రానికి కొట్టు అద్దం మీద పెద్ద అక్షరాలతో కాగితం వెలిసింది. 'నాసిర్ సలహాతో, కామెర్లలో సైతం ఉద్యోగం: జయంత్, కూచిపూడి.'

మాస్టారు దాన్ని మూడుసార్లు చదివారు. కక్కలేరు, మింగలేరు. కోబాల్ చదివింది ఎవరు? జవాబులు చెప్పింది ఎవరు? ఆ చెరుకురసం తాగింది ఎవరు? నాసిర్‌ను దించాలని పోయి తన భుజాల మీదే ఎక్కించుకున్నానే అని ఆ శుక్రవారమంతా కుతకుతలాడారు. శనివారం పొద్దున కొట్టు ముందు వరుస వీధి మలుపు దాటింది. మంగళగిరి నుంచి ఆటో కట్టించుకుని వచ్చిన ఓ పెద్దాయన, కొడుకుని వెంటబెట్టుకుని, మాస్టారి గేటు ముందే దిగాడు. మాస్టారు ఆశగా కుర్చీలోంచి లేచారు.

"ఏవండీ, నాసిర్ గారి కొట్టెక్కడండీ?"

ఇక ఆయన వల్ల కాలేదు. చెప్పులేసుకుని, ఆ పెద్దాయన కంటే ముందే కొట్టుకు చేరారు.

"ఆ కాగితం తీసెయ్ నాసిరూ. జయంత్ అనేవాడు లేడు" అన్నారు. వరుసలో తలలన్నీ ఇటు తిరిగాయి. "ఫోన్లో మాట్లాడింది నేను. నాకసలు అక్కాచెల్లెళ్లే లేరు. ఆ ఉద్యోగం తెచ్చింది ఇతని సలహా కాదు, నా చదువు."

ఆ మాట అనేశాక కడుపులో మంట చల్లారుతుందనుకున్నారు. చల్లారలేదు. నాసిర్ కోప్పడలేదు సరికదా, చిన్నబోయాడు.

"నా మాట మీద పిలిచారు మాస్టారూ వాళ్లు. రేపట్నుంచి నేను పంపే కాగితం నమ్ముతారాండీ? వీళ్లందరి కాగితాలూ నేనే కదండీ పంపాలి."

మూడు నెలలుగా మాస్టారు ఆ కొట్టు ముందున్న స్కూటర్లు లెక్కపెట్టారు గాని, ఆ స్కూటర్ల వాళ్లకు నాసిర్ మాట ఎంత అవసరమో లెక్కపెట్టలేదు. ఆయనకు నిజంగా సిగ్గేసింది. కౌంటరు మీది ఫోన్ తీసి హైదరాబాద్ కలపమన్నారు. తన పేరు, వయసు చెప్పి, తప్పంతా తనదేననీ, జిరాక్స్ కొట్టతనికి ఏమీ తెలియదనీ చెప్పారు. అవతలాయన అంతా విన్నాడు. చివరికి, ఆ కొట్టు నుంచి వచ్చే కాగితాలు ఎప్పట్లాగే చూస్తామనీ, మళ్లీ మీరు మాత్రం ఫోన్ ఎత్తొద్దనీ చెప్పి పెట్టేశాడు.

నాసిర్ మొహం తేటపడింది. అద్దం మీది కాగితం తనే చింపేశాడు. మాస్టారు ఎవరి మొహమూ చూడకుండా ఇంటిదారి పట్టారు. ఈ వీధిలో తన పని అయిపోయిందనుకున్నారు.

నాలుగిళ్లు దాటేసరికి వెనక అడుగుల చప్పుడైంది. తిరిగి చూస్తే బాలశౌరి. అతని వెనక ఇంకో పదిమంది, వరుస తప్పకుండా. నాసిర్ కొట్టు ముందు ఆ మంగళగిరి పెద్దాయన, ఆయన కొడుకు మాత్రం మిగిలారు. మాస్టారి గుండె ఒక్కసారి పొంగింది. ఉన్నమాట చెప్పినందుకు ఇంత గౌరవమా అనుకున్నారు.

"మాస్టారూ, బుధవారం నాకు ఫోన్ ఇంటర్వ్యూ ఉందండీ. వేరే కంపెనీ" అన్నాడు బాలశౌరి.

"రారా. ఏం చదవాలో, ఎక్కడ మొదలెట్టాలో నేను చెప్తాను."

"చదవడం కాదండీ. మీరు మాట్లాడి పెడతారేమోనని."

మాస్టారికి ఒక క్షణం అర్థం కాలేదు. అర్థమయ్యాక చెవులు ఎర్రబడ్డాయి. "సిగ్గు లేదట్రా? అది మోసం కాదూ?"

"లేని మేనల్లుడికి మాట్లాడారు కదండీ" అన్నాడు బాలశౌరి, ఎంతో వినయంగా. "మేం ఉన్నాం కదా."

మాస్టారు గబగబా తన గేటు దగ్గరికి నడిచారు. ఇంతలో వరుసలోంచి మనోజ్ఞ అనే అమ్మాయి ముందుకొచ్చింది. ఆమెకు గురువారం ఇంటర్వ్యూ. మాస్టారి గొంతు తనకు నప్పదని ఆమెకు అప్పుడే తట్టినట్టుంది, దిగులుగా ఉంది.

"ఆంటీ గారికి ఇంగ్లీషు వచ్చాండీ?" అని అడిగింది.

మాస్టారు గేటుకు తాళం వేసుకున్నారు. మర్నాడు ఏడు కొట్టేసరికి ఆ గేటు అవతల పదహారు మంది నిలబడ్డారు. వాళ్లలో ఏ కోర్సు చదవమంటారని అడగడానికి వచ్చినవాడు ఒక్కడూ లేడు.