విరిగిపోయిన లోషన్, విరగబడ్డ డిటెక్టివ్

"నేరస్తులకు ఇక నూకలు చెల్లాయి! నా మెదడు రంగంలోకి దిగింది!" అని ప్రకటించాడు లోషన్ల కార్ఖానా యజమానురాలి తమ్ముడు, భూతద్దం పైకెత్తి. ఆ భూతద్దం కొని నాలుగు రోజులైంది. డిటెక్టివ్ అయి కూడా అంతే.

పదకొండేళ్లుగా అక్కడ లోషన్ కలుపుతున్న పిన్నికి ఒళ్లు మండిపోయింది. పిన్ని అంటే ఎవరి పిన్నీ కాదు, అందరూ అలాగే పిలుస్తారు. మూడు రోజులుగా ఆమె కలిపిన లోషన్ సాయంత్రానికల్లా విరిగిపోతోంది. నూనె పైకి, నీళ్లు కిందికి. ఇవాళ కూడా విరిగితే ఆమె ఉద్యోగానికి నీళ్లొదులుకోవాల్సిందే.

"ఇది కుట్ర! అంతర్జాతీయ లోషన్ ముఠా పని!" డిటెక్టివ్ ఒక కాగితం తీసి గొంతు సవరించుకున్నాడు. "తీర్పు ముందే రాశాను. దోషి ఎవరైనా సరే, ఇకపై ఈ గడప తొక్కకూడదు. ఇట్లు, నేను."

"దోషి దొరక్కుండానే తీర్పేంట్రా?" అంది అక్క.

"మేధావులు అలాగే చేస్తారక్కా. పిన్నీ, నా కళ్ల ముందు కలుపు! నీళ్లు కూడా నా ఎదుటే పట్టు!"

రోజూ అయితే పిన్ని పొద్దున్నే నీళ్లు కొలిచి జగ్గులో ఉంచి, సబ్బు కరిగించడానికి లోపలి గదిలోకి వెళ్తుంది. ఇవాళ అప్పటికప్పుడు నీళ్లు పట్టి, సబ్బు, నూనె వేసి గిలకొట్టింది. లోషన్ తెల్లగా, చిక్కగా వచ్చింది. ఆమెకు ప్రాణం లేచొచ్చింది.

"చూశావా అక్కా! నేను చూస్తుంటే బాగొచ్చింది. అంటే నేను చూడనప్పుడు ఈవిడ ఏదో కలుపుతోంది!"

అక్క మొహం మాడిపోయింది. పిన్నికి ఏడుపొచ్చింది. ఇంత తెలివితక్కువవాడి చేతిలోనా తన బతుకు?

డిటెక్టివ్ సాక్ష్యం పరిశీలించడానికి గిన్నె మీదికి వంగాడు. చొక్కా జేబులోని సీసా మూత ఊడి, అందులోని నీళ్లన్నీ లోషన్‌లో పడ్డాయి. కాసేపటికి తెల్లటి లోషన్ పలుకులు పలుకులుగా మారింది. పైన నూనె తేలింది.

"ఏం నీళ్లు బాబూ అవి?" పిన్ని గొంతు మారిపోయింది.

"నిమ్మఉప్పు నీళ్లు. నా భూతద్దానికి మెరుపు రావద్దూ? ఇది పైపైన తుడవడానికి. అసలైతే రోజూ పొద్దున్నే మీ జగ్గులో గుప్పెడు నిమ్మఉప్పు వేసి, అద్దాన్ని నానబెట్టి..."

అక్కడ ఆగాడు. మెదడు అప్పుడు నిజంగానే రంగంలోకి దిగింది.

"నూనెనీ నీళ్లనీ కలిపి పట్టుకునేది ఆ సబ్బే కదమ్మా," అంది పిన్ని అక్కతో. "పులుపు తగిలితే దాని పట్టు పోతుంది. వాసనన్నా రాదు, నాకెలా తెలుస్తుంది?"

డిటెక్టివ్ తేరుకుని ఛాతీ విరిచాడు. "మొత్తానికి కేసు ఛేదించింది నేనే!"

"నువ్వేరా," అంది అక్క. తీర్పు కాగితం మడిచి వాడి జేబులో పెట్టింది. "సంతకం కూడా నీదే."

పిన్ని వెళ్లి వీధి తలుపు బార్లా తెరిచి పట్టుకుంది.