గంగాబాయి సాన్పి

శుక్రవారం పొద్దున, దుకాణం తెరిచేలోపు వాకిట్లో పేడనీళ్ల సాన్పి చల్లేయాలని గంగాబాయి అనుకుంది. ధాన్యం బజారు గాంధీ గంజ్‌లో ముందు కందుల దుకాణం, వెనుక వాళ్ల ఇల్లు. పేడ ఉంది, నల్లా నీళ్లు రాలేదు. పెరట్లో ఒక క్యాను కనిపించింది. నీళ్లు పచ్చగా ఉన్నాయి, కంపు కూడా కొట్టాయి. పేడలో కలిసేదానికి ఇదేం లెక్క అనుకుని పోసేసింది.

వాకిలంతా తడిశాక కూతురు రష్మి లేచింది.

"అమ్మా! క్యానుల నీళ్లేవి?"

"వాకిట్ల ఉన్నయి. గంత కంపు నీళ్లు దాసుకునుడేందే?"

"అవి నా బ్యాక్టీరియానే! నీళ్లల్ల కలిసిన యాంటీబయాటిక్ మందును తినాలె అవి. నెలాయె, మూతి పెడ్తలేవు. ఇయ్యాల మా కాలేజీ జాకబ్ సార్ చూడ వస్తుండు. ఏం చూపియ్యకుంటే నా ప్రాజెక్టు పాయె!"

"క్యాను మీద రాయరాదా?"

"రాసిన! ఇంగ్లీషుల!"

"మరి నేను ఇంగ్లీషుల పోయలేదు."

రష్మి చెంచా తెచ్చుకుని వాకిట్లో కూర్చుని బురద ఎత్తసాగింది. అప్పుడే కమలనగర్ నుంచి కందుల లారీ వచ్చింది. హమాలీల మేస్త్రీ మొగులప్ప బస్తా భుజాన వేసుకుని వచ్చాడు.

"తొక్కకు మామా! దాంట్ల పానాలున్నయి!"

మొగులప్ప ఎత్తిన కాలు ఎత్తినట్టే ఉంచాడు. "ఏం పానాలు సేటూ?" అని రష్మి తండ్రి సదాశివ్‌ను అడిగాడు.

"మందు తినే క్రిములంట."

మొగులప్ప ఒంటికాలి మీదే ఆలోచించాడు. "మందే తినేటివి కందులను ఇడుస్తయా సేటూ?"

ఆ మాట వీధి చివరికి చేరేసరికి సదాశివ్ గోదాములో పురుగు పడింది. పక్క వీధికి చేరేసరికి, ఆ పురుగు గోదాములో పెట్టే పురుగుల మందును కూడా అరిగించుకుంది. షట్టర్లు టపటపా పడ్డాయి. లారీ వెనక్కి తిరిగింది.

"ఏమే, నీ సాన్పికి గంజే బంద్ అయింది!" సదాశివ్ నెత్తి పట్టుకున్నాడు.

జాకబ్ సార్ స్కూటర్ సరిగ్గా బురదలోనే ఆపాడు. సంగతి విని, గుప్పెడు కందులు బురదలో పోసి, చాయ్ తెప్పించుకున్నాడు. తాగేదాకా అందరినీ కందులనే చూస్తుండమన్నాడు. కందులు కదల్లేదు, తరగలేదు. షట్టర్లు లేచాయి.

"ఇగ చూపియ్యనీకి ఏం లేదు సార్," అంది రష్మి.

"బురద ఉన్నది గద. అదే పట్టుకరా."

వారం తర్వాత రష్మి కాలేజీ నుంచి పరుగున వచ్చింది. బురదలో మందు దాదాపు మాయమైంది. నమ్మకం కుదరక అవే క్రిములతో, అదే మందుతో రెండు సీసాల్లో మళ్లీ చేసి చూశారు. పేడ కలపని సీసాలో మందు అట్లాగే ఉంది. పేడ కలిపిన సీసాలో లేదు.

"ఒట్టి గోలీలు ఎవరు తింటరే? నంజుకోను ఏమన్న ఉండాలె గద," అంది గంగాబాయి.

ఇప్పుడు ఆ ఇంట్లో పేడకు తాళం ఉంది. సాన్పి చల్లాలంటే గంగాబాయి కూతురిని అడిగి తీసుకోవాలి.