శివారు టీవీకి వంతు

పైనుంచి కిందికి పారేది ఏదైనా సరే, నీళ్లయినా, మాటయినా, సినిమా బొమ్మయినా, చివరికి నీటి సంఘం చేతిలోకి రావాల్సిందే. దివిసీమలో పుట్టినవాళ్లకి ఈ ధర్మం ఎవరూ చెప్పక్కర్లేదు.

కేబుల్ దుర్గారావుకి మాత్రం చెప్పాల్సొచ్చింది. ఆ కుర్రాడు బెజవాడ నుంచి ఒక పెద్ద కంప్యూటరు తెచ్చి, రేగులంక మొదట్లో, కాలవ వంతెన పక్క గదిలో పెట్టాడు. దాన్ని సర్వరు అనాలన్నాడు. సినిమాలు, పెళ్లిళ్లు, బడి పండగలు అన్నీ దాని కడుపులో పోసి, తీగల వెంట ఇంటింటి టీవీకీ వదిలేవాడు. (సర్వరుకి ఏసీ పెట్టారు. ఊరి ఆసుపత్రికి ఫ్యాను లేదు. సర్వరుకి వేడి చేస్తే కష్టమట.)

వంతెన దగ్గరి ఇళ్లకి బొమ్మ అద్దంలా వచ్చేది. శివారున ఆఖరిల్లు సత్యవతమ్మది. ఆవిడ టీవీలో హీరో, విలను, వాన, అన్నీ ఉప్మారవ్వ ఆరబోసినట్టే ఉండేవి. ఆవిడ వెళ్లి నీటి సంఘంలో చెప్పుకుంది. చెప్పాల్సింది దుర్గారావుకి కదా అంటారేమో. శివారుకి ఏది తక్కువైనా జనం వెళ్లేది సంఘానికే. కాళ్లు వాటంతటవే అటు నడిచాయి.

అధ్యక్షులు సోమేశ్వరరావుగారు (ఇల్లు వంతెన పక్కనే, టీవీలు రెండు) మీటింగు పెట్టి, పైవాళ్లు బొమ్మని ఎక్కువ తోడేస్తున్నారని తేల్చారు.

"బాబాయ్ గారూ, బొమ్మ నీళ్లు కాదండీ," అన్నాడు దుర్గారావు. "పైవాళ్లు చూస్తే కిందకి తగ్గదు. తీగ పొడుగైపోయింది, మధ్యలో ఇంకో బూస్టరు పెడితే సరిపోద్ది."

"పైవాడు వాడుకున్నాక కిందవాడికి తగ్గని వస్తువు ఈ ఊళ్లో ఒక్కటి చూపించరా."

దుర్గారావు ఊళ్లో ఉన్నవన్నీ వేళ్ల మీద లెక్కేశాడు. పాపం, దొరకలేదు. (వెనకనుంచి ఎవరో దోమలన్నారు గానీ, అది మినిట్సులోకి ఎక్కలేదు.)

అలా బొమ్మకి వంతులొచ్చాయి. ముందు వంతెనవాళ్లు, తర్వాత నడిమి వీధి, ఆఖరున శివారు. కాలవ తలుపులెత్తే లస్కరు ఇస్సాకుకే తీగలు విప్పి కలిపే పనీ అప్పగించారు. అతను పలుగు భుజానేసుకునే వచ్చేవాడు. (తీగ కలపడానికి పలుగెందుకయ్యా అంటే, ఉద్యోగం అన్నాడు.) రెండో టీవీ రెండో పంట కిందకొస్తుంది, మిగులు బొమ్మ ఉంటేనే పెట్టాలి. వేసవిలో కాలవలు కట్టేసినట్టే సర్వరునీ కట్టేసి పూడిక తీశారు. ఆ పూడికలో పాత నలుపు తెలుపు సినిమాలన్నీ కొట్టుకుపోయాయి.

ఇవన్నీ సత్యవతమ్మ ఓర్చుకుంది. ఓర్చుకోలేనిది ఒక్కటే. మొవ్వలో ఉంటున్న మనవరాలు హారిక బడి వార్షికోత్సవంలో తొలిసారి గజ్జె కట్టింది. మోకాళ్ల నొప్పులతో ఈవిడ బస్సెక్కలేకపోయింది. టీవీలో చూసి ఎలా చేశానో చెప్పి తీరాలని పిల్ల ఫోన్లో ఒట్టేయించుకుంది. ఊరి ఆడపడుచు కూతురని దుర్గారావు క్యాసెట్టు తెప్పించి సర్వరులో పోశాడు కూడా. ఆదివారం వదుల్తారు, ఒక్కసారే. తీరా చూస్తే హారిక నాట్యం మొట్టమొదట ఉంది. వంతెనవాళ్ల వంతులోనే అయిపోతుంది.

ఆ ఒక్కరోజూ ముందు శివారుకి వదలమని ఆవిడ వెళ్లి సంఘాన్ని అడిగింది. ఇవాళ బొమ్మ ముందడిగినవాళ్లు రేపు నీళ్లు ముందడుగుతారన్నారు. పోనీ వంతెన దగ్గర ఎవరింట్లోనన్నా కూర్చుని చూస్తానంది. శివారు మనిషి పై ఆయకట్టులో కాలు తడపకూడదని రూలు చదివారు. అదీ పోనీ, తన వంతొచ్చినప్పుడు మళ్లీ మొదట్నుంచి వెయ్యమంది. ఒక్క బటను నొక్కితే చాలని దుర్గారావు కూడా అన్నాడు.

సోమేశ్వరరావుగారు జాలిగా చూశారు. "వదినగారూ, పారిన నీళ్లు వంతెనెక్కి వెనక్కొస్తాయా?"

ఆదివారం శివారు వంతు రానే వచ్చింది. పైనున్న తీగలన్నీ విప్పేసినా రవ్వ తగ్గలేదు. (అది నేల గుణమని సంఘం తర్వాత తేల్చింది.) రవ్వలో ఎవరో చేతులు జోడిస్తున్నారు. వందన సమర్పణ.

మర్నాడు హారిక బస్సు దిగి పరిగెత్తుకొచ్చింది. "చూశావా అమ్మమ్మా?"

ఒట్టేసిన మనిషి, అబద్ధం ఎలా ఆడుతుంది? "చూశానే. ఆఖర్న దండం పెట్టిన మాస్టారు బాగా చేశాడు."

పిల్ల మొహం చిన్నబోయింది. కాసేపటికి సంచీలోంచి గజ్జెలు తీసింది. వాకిట్లో ఆరబోసిన మినుములు ఓ పక్కకి ఊడ్చి, మొదట్నుంచి మొదలెట్టింది. శివారు శివారంతా చేరింది. ఎక్కడా రవ్వ లేదు. అయిపోగానే సత్యవతమ్మ "మళ్లీ" అంది. పిల్ల మళ్లీ చేసింది. పారిన నీళ్లు వెనక్కొచ్చాయి.

కాలవ గట్టు మీద పోతున్న ఇస్సాకు ఆ గజ్జెలు విన్నాడు. విన్నది పైకి చెప్పడం అతని డ్యూటీ. సంఘం తీర్మానించింది: శివారు ఆఖరి ఇంటికి నాట్యం సంపూర్ణముగా అందినట్లు నమోదు చేయడమైనది. అయితే అది అనుమతి లేని సొంత బోరు ద్వారా అందినందున, సదరు సత్యవతమ్మగారికి ఇకమీదట సంఘం బొమ్మ అవసరం లేదు. వంతు రద్దు.

వంతు వృథా పోకూడదు కదా. సోమేశ్వరరావుగారి రెండో టీవీకి కలిపారు.