అక్కకు బాకీపడిన మాట

అన్యాయం ఎవరికి జరిగింది? అక్కకు. చేసినది ఎవరు? సొంత తమ్ముడు. ఏ విధంగా? ఒక ఆదివారం ఉదయం, తన భార్యా కూతురూ చూస్తుండగా, ఆమెను వంటగది గుమ్మంలో నిలబెట్టి, ఇంటి తిండిలో దొంగచాటుగా బియ్యం కలుపుతున్నావని నింద వేశాడు. ఈ సంగతి మొదటే చెప్పడం అవసరం. తరవాత వచ్చిన పొగ, గంటల మోత, మెట్ల మీద జనం నవ్వు తెప్పిస్తాయి. నవ్వేవారు అసలు ఫిర్యాదును మరచిపోవడం లోకంలో మామూలే.

తమ్ముడు బీమా కంపెనీలో నష్టాల సర్వేయరు. కాలిన గోదాములు, మునిగిన దుకాణాలు చూసి కారణం తేల్చడం అతడి పని. ఏ వస్తువూ తనంతట తాను కాలదని, ఎవరు మరీ శుభ్రంగా జవాబు చెబుతారో వారినే ముందు అనుమానించాలని ఆ ఉద్యోగం అతడికి నేర్పింది. వీటికి తోడు కంపెనీ ఆజ్ఞ ఒకటి ఉంది: ఎట్టి పరిస్థితిలోనూ బాధ్యత అంగీకరించరాదు. ఈ ఆజ్ఞను అతడు ఉద్యోగంలో చేరకముందు నుంచే పాటిస్తున్నాడు. "తప్పు నాదే" అన్న మాట వాడి నోట పుట్టిన నాటి నుంచీ రాలేదని అక్క అనేది. పుట్టిన నాటి నుంచీ అతడిని ఎరిగినది ఆ ఇంట్లో ఆమె ఒక్కతే కనుక ఆ సాక్ష్యాన్ని ఎవరూ తోసిపుచ్చలేకపోయారు.

అక్క బడిలో పిల్లలకు కుట్టు నేర్పి ఉద్యోగ విరమణ చేసిన మనిషి. తమ్ముడి ఇంట్లో ఒక చిన్న గదీ, మొత్తం వంటగదీ ఆమెవి. తమ్ముడి భార్య కళ్ళద్దాల దుకాణంలో పొద్దంతా నిలబడి పనిచేస్తుంది. కూతురు కాలేజీకి వెళుతుంది. రక్తంలో కొవ్వు పెరిగిందని డాక్టరు హెచ్చరించిన రోజున తమ్ముడు ఇంటికి వచ్చి అందరినీ కూర్చోబెట్టాడు.

"ఇవాళ్టి నుంచి మనింట్లో ఆదిమానవుల భోజనం. పేలియో అంటారు. వ్యవసాయం పుట్టకముందు మనిషి ఏం తిన్నాడో అదే మనమూ తింటాం. మాంసం, చేప, గుడ్డు, కూరగాయలు, పళ్ళు, గింజలు. అన్నం లేదు, రొట్టె లేదు, పప్పు లేదు, పాలు లేవు, చక్కెర అసలే లేదు."

"ఆదిమానవులు కాఫీ తాగేవాళ్ళా నాన్నా?"

"తాగేవాళ్ళు కాదు."

"మరి మీ చేతిలో ఉన్నదేంటి?"

"ఇది ఇంకా పరిశీలనలో ఉంది," అన్నాడు సర్వేయరు, మరో గుక్క తాగి.

ఆ ఆజ్ఞను ఇంట్లో నిలబెట్టింది మాత్రం అక్కే. ఆమె వాదించలేదు, పుస్తకాలు తెప్పించలేదు. ఒక మూకుడు, కాస్త మాంసమో గుడ్లో, రెండు రకాల కూరగాయలు, ఉప్పు, మిరియాలు, దించేముందు నిమ్మరసం. రేపటి క్యారట్లు ఈ రోజే తరిగి ఉంచేది. పళ్ళు కంటికి ఎదురుగా పెట్టేది. మంచి అలవాటు శపథాల వల్ల నిలవదు. అలసిపోయి ఇంటికి వచ్చిన మనిషికి ఏం తినాలా అని ఆలోచించే పని లేకపోవడం వల్ల నిలుస్తుంది. ఈ మాట ఆమె ఎవరికీ చెప్పలేదు. అందరూ వేళకు తిన్నారు, తేలికగా ఉన్నారు, అది ఎవరి చలవో గమనించలేదు.

ఇక ఆ ఆదివారం. అందరూ బరువు చూసుకోవాలి, తరవాత కోడిని ఓవెన్లో పెట్టాలి. అనుకున్న కార్యక్రమం అంతే. భార్య బరువు తగ్గింది. కూతురిదీ తగ్గింది. తమ్ముడు ఎక్కేసరికి బరువుయంత్రం ముల్లు పోయిన నెల చూపిన చోటు దాటి ముందుకు వెళ్ళింది.

"అక్కా, నువ్వూ ఎక్కు."

"నేనెక్కను. నా బరువు నేను మోస్తూనే ఉన్నాను, నాకు తెలుసు."

ఆ జవాబు అతడికి అనుమానం కలిగించింది. తాను నియమం తప్పలేదు, అయినా బరువు పెరిగింది, వంట చేసేది అక్క. కాలిన గోదాములో నడిచినట్టు ఇల్లంతా నడిచి, చివరకు ఆమె బీరువాలోంచి దిండంత గుడ్డసంచి ఒకటి తెచ్చాడు.

"ఇందులో ఏముంది?"

"బియ్యం."

"ఒప్పుకున్నావన్నమాట!"

"ఒప్పుకోవడమేంట్రా? అడిగావు, చెప్పాను. మోకాళ్ళ నొప్పులకి వేడిచేసి కాపడం పెట్టుకుంటాను. నాలుగువైపులా కుట్టేసి ఉంది, చూడు. అందులోంచి బియ్యం తీసి నీకెలా వండి పెడతాను?"

"కుట్టు టీచరుకి విప్పడం ఎంతసేపు, మళ్ళీ కుట్టడం ఎంతసేపు? ఇంత సన్నటి కుట్టు ఇంకెవరు వెయ్యగలరు?"

"అంటే నా కుట్టు బాగుందంటున్నావా, నన్ను దొంగంటున్నావా?"

"రెండూ."

"ఏమండీ, వదిన అలాంటి..." అనబోయింది భార్య.

"నువ్వు సాక్షివి. అడిగినప్పుడు చెబుదువుగాని." అతడు సంచిని ఎత్తిపట్టాడు. "అడిగిన ప్రతిదానికీ జవాబు సిద్ధంగా ఉంది. నిజంగా తప్పు చెయ్యనివాళ్ళు కాస్తయినా తడబడతారు. ఈ పూట నుంచి వంట నేనే చేస్తాను."

అక్క నడుముకు కట్టుకున్న తువ్వాలు విప్పి, మడత పెట్టి, బల్ల మీద ఉంచి బయటికి వచ్చింది.

"మంచిది. నిజం తేలిన రోజున, ఈ గుమ్మంలోనే, వీళ్ళిద్దరి ముందే, తప్పు నాదే అని నువ్వు అనాలి. ఆ మాట అనేదాకా నేనీ గడప దాటను."

"తేలితే చూద్దాంలే."

"చూడ్డం కాదు. అనాలి."

అక్క చేతిలో సులువుగా సాగిన వంట తమ్ముడి చేతిలో పరిశోధనగా మారింది. కాలీఫ్లవరును తురిమి అన్నంలా కనిపించేటట్టు చేశాడు. బాదంపిండిలో గుడ్లు కొట్టి రొట్టెలా కనిపించేటట్టు చేశాడు. వద్దనుకున్న తిండినే రోజంతా తలచుకుంటూ, దాని వేషం వేయించడానికి అరడజను గిన్నెలు మాడ్చాడు. భోజనం అర్ధరాత్రికి తయారయ్యేది. ఆకలికి ఓర్వలేక భార్య దుకాణంలో అద్దాల వెనక నిలబడి బన్ను తినసాగింది. కూతురు స్నేహితుల ఇళ్ళలో చదువుకోవడం మొదలుపెట్టింది. ఆమె అంత శ్రద్ధగా ఎన్నడూ చదవలేదు.

ఆఫీసులో మరొక ముచ్చట. సర్వేయరు సీటుకూ మేనేజరు గదికీ మధ్య పలుచటి చెక్కగోడ ఉంది. కొంతకాలంగా ఆ గోడ అవతల నుంచి మేనేజరుకు పొద్దస్తమానం కటకటమని చప్పుడు వినిపిస్తున్నది. ఎలుకలని మేనేజరు నిర్ణయించాడు. మందు పెట్టించాడు, చప్పుడు ఆగలేదు. మళ్ళీ పెట్టించి, ఎవరూ సొరుగుల్లో తిండి ఉంచరాదని ఉత్తరువు ఇచ్చాడు. సర్వేయరు ఆ ఉత్తరువును గౌరవించి, తన సొరుగులోని జీడిపప్పు డబ్బాను ఇంటికి తెచ్చుకున్నాడు. జీడిపప్పును అతడు తిండిగా ఎన్నడూ లెక్కించలేదు. అది గింజ, గింజకు అనుమతి ఉంది. అనుమతి ఉన్నదానికి ఆకలితో పని లేదని అతడి నమ్మకం.

మరుసటి ఆదివారం అక్క వంటగదిలో లేదు, సంచి బీరువాలో ఉంది, బరువు మాత్రం మళ్ళీ పెరిగింది. అతడి వాదం అక్కడే కూలిపోవలసింది. కానీ అతడు నేల సమంగా లేదేమోనన్నాడు. పొయ్యి మీద కొవ్వు కరగబెట్టి, అందులో జీడిపప్పు పోసి, అది వేగేలోగా బరువుయంత్రాన్ని చంకన పెట్టుకుని, తాను తక్కువ తూగే చోటు కోసం గదిగదికీ తిరిగాడు. పడకగదిలో కాస్త ఆశ కనిపించింది. అక్కడే ఎక్కి దిగుతూ ఉండిపోయాడు.

"నాన్నా! పొయ్యి! మంట!"

అతడు యంత్రం వదిలి పరుగెత్తాడు. మూకుడులోంచి మంట లేచింది. వృత్తిరీత్యా వంద మంటల గురించి నివేదికలు రాసిన మనిషి చెంబెడు నీళ్ళు అందుకున్నాడు.

"నీళ్ళు పొయ్యకురా! మూత! మూత పెట్టు!" గడప అవతల నుంచి అక్క అరిచింది.

నీళ్ళు పడనే పడ్డాయి. మంట కప్పు అందుకుంది. కిటికీ తెర అంటుకుంది. కూతురు వరండాలోని ప్రమాద గంట మోగించగా, మూడంతస్తుల వాళ్ళూ మెట్ల మీదికి వచ్చి తలా ఒక సలహా చెప్పసాగారు. అప్పుడు అక్క మరొక మాట లేకుండా గడప దాటింది. పొయ్యి ఆర్పి, మూకుడు మీద పెద్ద పళ్ళెం బోర్లించి, తెరను లాగి నీళ్ళ తొట్టిలో పడేసింది. మంట ఆరిపోయింది. ఆమె చేతులు తుడుచుకుని, తిరిగి గడప బయటికి వచ్చి, ఇందాకటి చోటనే నిలబడింది.

"లోపలికొచ్చావుగా, అక్కా," అన్నాడు తమ్ముడు, దగ్గుతూ.

"మంట కోసం వచ్చాను. నీ కోసం కాదు."

ఉద్యోగుల ఇళ్ళన్నిటికీ కంపెనీయే బీమా చేసింది. సొంత ఇంటి నష్టాన్ని సర్వేయరు తానే తేల్చకూడదు కనుక మర్నాడు మేనేజరు స్వయంగా వచ్చాడు. కళ్ళజోడు సర్దుకుని నల్లబడిన గోడ చూశాడు.

"కారణం?"

"పొయ్యిలో ఏదో లోపం సార్," అన్నాడు సర్వేయరు.

"చూసినవాళ్ళు?"

"నేను చూశాను," అంది అక్క గడప బయట నుంచి. "లోపం పొయ్యిలో లేదు. మూకుడులో కొవ్వు పెట్టి మా తమ్ముడు పడకగదిలోకి వెళ్ళాడు. అది కాగి అంటుకుంది. నీళ్ళు పోశాడు, పెద్దదయింది. పళ్ళెం బోర్లించాను, ఆరింది."

మేనేజరు ఆమెను పైనుంచి కిందికి చూశాడు. సర్వేయరుకు విద్య నేర్పిన గురువు అతడే.

"మరీ శుభ్రంగా చెప్పారమ్మా. ఇంత శుభ్రంగా చెప్పేవాళ్ళతోనే నాకు భయం. మీరు వంటగది గడప తొక్కడం లేదట, మెట్ల మీద చెప్పుకుంటున్నారు. కోపం ఉందా?"

"ఉంది."

"వేగేదాని కింద మంట పెంచి వచ్చారా?"

అక్క తమ్ముడి వైపు చూసింది.

తమ్ముడికి ఆ క్షణంలో దారి స్పష్టంగా కనిపించింది. నోరు మూసుకుంటే చాలు. ఎవరో కోపంతో పెట్టిన మంట అని రాస్తారు. నిప్పు మీద కొవ్వు వదిలేసిన సర్వేయరని ఆఫీసులో ఎవరూ వేలెత్తి చూపరు. బాధ్యత తనది కాదు, అక్కది అవుతుంది. అక్క దొంగ అని తాను అన్నాడు, నిప్పు పెట్టిందని వీళ్ళు అంటారు. తాను నేర్చిన సూత్రాన్ని మరొకరి నోట వింటే ఎంత నీచంగా ఉందో అతడికి అప్పుడు తెలిసింది.

"సార్, మా అక్క అబద్ధం చెప్పదు."

"మరి జవాబు అంత శుభ్రంగా ఉందేమయ్యా?"

"ఆవిడ ఏం చేసినా శుభ్రంగానే ఉంటుంది సార్. కుట్టినా, వండినా, చెప్పినా. కొవ్వు పెట్టి వెళ్ళింది నేనే."

"అలాంటి మనిషిని వంటగదిలోంచి ఎందుకు తీసేశావు?"

"నా బరువు పెరిగిందని. తిండిలో బియ్యం కలుపుతోందనుకున్నాను."

"ఇప్పుడు తగ్గావా?"

"...ఇంకా పెరిగాను సార్."

మేనేజరు ముందుకు వంగి, మూకుడు అడుగున మిగిలిన నల్లటి గింజ ఒకటి తీసి, అదేమిటో తేల్చుకోవడానికి కొరికాడు. కటుక్కుమంది. అతడు కదలకుండా నిలబడిపోయాడు. మరొకటి కొరికాడు.

"ఈ చప్పుడు నేనెరుగుదును," అన్నాడు మెల్లగా. "రోజుకి ఎన్ని తింటావు?"

"ఎప్పుడూ చూసుకోలేదు సార్. అనుమతి ఉన్నవే కదా."

"నీ అనుమతి తగలెయ్య! నీ పళ్ళకి రెండుసార్లు ఎలుకల మందు పెట్టించానయ్యా!"

కూతురు నవ్వు ఆపుకోలేక తల్లి భుజం వెనక దాక్కుంది. తమ్ముడు అక్క వైపు తిరిగాడు.

"జరిగినదానికి విచారిస్తున్నాను, అక్కా."

"ఎలుకల మందు దండగైందని విచారం మీ మేనేజరుగారికీ ఉంది. నాకు రావాల్సింది అది కాదు."

"ఒక రకంగా చూస్తే, ఆ సంచి బీరువాలో దాచడంలో నీ వంతు కూడా..."

"దాచలేదు. పెట్టాను."

"ఏమయ్యా," అన్నాడు మేనేజరు, "ఇలాంటి దావాల్లో బేరాలాడకూడదు. ఉన్నదంతా చెల్లించెయ్యి."

తమ్ముడు గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. భార్యా కూతురూ ఎదుటనే ఉన్నారు. అతడు గొంతు సవరించుకున్నాడు, నేల చూశాడు, కప్పు చూశాడు, ఇక చూడడానికి అక్క ముఖం తప్ప ఏమీ మిగలలేదు.

"తప్పు నాదే."

"నాకు సరిగ్గా వినపడలేదు నాన్నా," అంది కూతురు.

"అక్క బియ్యం కలపలేదు. అబద్ధం చెప్పలేదు. తప్పు నాదే, పూర్తిగా నాదే. నన్ను క్షమించు అక్కా."

అక్క గడప దాటి లోపలికి వెళ్ళి, మసిబారిన అరలోంచి గుడ్లు తీసి, నీళ్ళలో ఉడకబెట్టింది. మేనేజరుతో సహా అందరూ వాటిని మిరియాలు చల్లుకుని నిలబడే తిన్నారు.

పుట్టిన నాటి నుంచీ పేరుకుంటూ వచ్చిన బాకీ ఆ విధంగా పూర్తిగా తీరింది. బరువు తీరడానికి మాత్రం మరికొంత కాలం పట్టింది.