నౌపడలో మూడొందల వోల్టులు

రైల్వే సిగ్నల్ విభాగంలో రిటైరైన అప్పలసూరికి పాత డిజిటల్ మల్టీమీటర్లు బాగుచెయ్యడం సరదా. ఆ ఆదివారం పొద్దున్న, విజయనగరం పాతసామాన్ల కొట్లో దొరికిన ముప్ఫై ఏళ్లనాటి మీటరును పని చేయించాకే టిఫిన్ ముట్టాలనుకున్నాడు. తుప్పు పట్టిన బ్యాటరీ రేకుల్ని నిమ్మరసంతో తోమాడు. అంకెలు సగం సగమే కనిపిస్తుంటే అద్దం కింది రబ్బరు పట్టీని స్పిరిట్‌తో తుడిచాడు. కొత్త బ్యాటరీ లేక, ఇంట్లో ఉన్న భజన మండలి కార్డ్‌లెస్ మైకులోది తీసి పెట్టాడు. అంకెలు నల్లగా, నిండుగా తేలాయి. మూలన చిన్న మచ్చ మాత్రం మిగిలింది. ముసలి మీటరు కదా అని వదిలేశాడు.

హాల్లో ప్లగ్గులో పెట్టి చూస్తే 268 వోల్టులు. ఉండాల్సింది 230. కంగారుపడి భార్య లక్ష్మణమ్మ చేత టీవీ, ఫ్రిజ్ ఆపించాడు. పావుగంటకి మళ్లీ చూస్తే 281.

"ఇంకా పెరుగుతన్నాది. ఈదిలో అందరికీ సెప్పాల," అన్నాడు.

"ముందు ఇడ్లీ తిను. సల్లారిపోతన్నాయి," అంది లక్ష్మణమ్మ.

అతను వినలేదు. ఇల్లిల్లూ తిరిగి మెయిన్లు ఆపించాడు. మోటార్లు ఆగాయి, సబ్బు పూసుకున్నవాళ్లు పూసుకున్నట్టే ఉండిపోయారు. పక్కింటి కుసుమకుమారిది చేపల వ్యాపారం. టెక్కలిలో విందుకు మధ్యాహ్నం పంపాల్సిన నలభై కిలోల వంజరం ఆమె ఫ్రీజర్లో ఉంది. భయపడి దాన్ని ఐసు తొట్టెల్లోకి మార్చి అరుగు మీద పెట్టింది. పది నిమిషాల్లో ఊళ్లో పిల్లులన్నీ అక్కడే ఉన్నాయి. మీటరు 296కి చేరింది.

ఫోన్ల మీద ఫోన్లు వెళ్లాక లైన్‌మన్ గిరిబాబు వచ్చి తన మీటరు పెట్టాడు. 231. తర్వాత అప్పలసూరి చేతిలోని మీటరు అందుకుని మూలనున్న మచ్చ కేసి కళ్లు చికిలించి చూశాడు.

"ఇది మచ్చ కాదు మావా, బ్యాటరీ అయిపోనాదని గుర్తు. బ్యాటరీ దిగిన కొద్దీ అంకె పెరిగిపోతాది."

సబ్బు నురగతో ఉన్నవాళ్లంతా అప్పలసూరి వైపు తిరిగారు. కర్రతో పిల్లుల్ని తోలుతున్న కుసుమకుమారి కూడా తిరిగింది.

"నా వంజరానికేటైనా అయితే, మావా, నిన్ను ఐసులో ఎట్టి టెక్కలి పంపిస్తాను," అంది.

ఫిర్యాదు అంటూ వచ్చాక స్తంభం చూడక తప్పదు గనక గిరిబాబు కరెంటు ఆపించి పైకెక్కాడు. ఎక్కినంత హుషారుగా దిగలేదు.

"న్యూట్రల్ వైరు కాలిపోయి ఒక్క పోగు మీద ఏలాడతన్నాది. సాయంత్రం గాలికి తెగిపోయీదే. అప్పుడు ఇళ్లల్లో నిజంగానే మూడొందలు దాటీసును," అన్నాడు.

గంటలో కొత్త వైరు పడింది. చేపలు వేళకే ఆటో ఎక్కాయి. కుసుమకుమారి పిల్లి ముట్టని వంజరం ఒకటి తెచ్చి లక్ష్మణమ్మ చేతిలో పెట్టి, ఇలాంటి మనిషి ఈదికొకడుండాలంది. అందరూ అవునన్నారు.

నలుగురి మాట కాదనడం మర్యాద కాదని అప్పలసూరి ఊరుకున్నాడు.