లామినేషన్ చేయించిన డ్రాగన్

విడపనకల్లులో ఎర్రన్న ఇంటి బీరువాలో కోటి రూపాయల అట్టముక్క ఒకటి ఉందనీ, దాని మీద రెక్కల పాము బొమ్మ ఉందనీ, బెంగళూరు నుంచి కారులో వచ్చిన మనిషికి కూడా అది దక్కలేదనీ ఆ చుట్టుపక్కల ఊళ్లలో అందరూ నమ్ముతారు. నమ్మకపోవడానికి వారికి కారణం కనిపించదు. తొలకరి చినుకు పడగానే చేతిలో పని వదిలేసి, చేలల్లో వజ్రాల కోసం నడుము వంచి నడిచే ప్రాంతమది. గులకరాయి లక్షలు చేస్తున్నప్పుడు అట్టముక్క కోటి చేయకూడదన్న నియమం ఎక్కడా లేదు. పైగా దాన్ని కళ్లారా చూసినవారు నలభై మంది ఉన్నారు. ఇంతమంది చూసిన వస్తువు ధర అబద్ధమవుతుందా అని వారు అడుగుతారు. చూసినంత మాత్రాన ధర ఎలా తెలిసిందని వారిని ఎవరూ అడగలేదు.

ఈ నమ్మకం నిరుడు ఆగస్టులో ఒక శుక్రవారం ఉదయం పుట్టింది. ఆ పూటకు ఎర్రన్న పెట్టుకున్న పని ఒక్కటే: పంటల బీమా దరఖాస్తుకు పాసుపుస్తకం జిరాక్సు తీయించుకుని, ఎండ ముదిరేలోగా ఇల్లు చేరడం. వేరుశనగ చేను అప్పటికే వాడిపోయింది కనుక అక్కడ చేయవలసిన పనేమీ లేదు.

ఎర్రన్నకు దేవుళ్ల మీద నమ్మకం ఏడాదికో తీరుగా ఉండేది కానీ, లామినేషన్ మీద విశ్వాసం ఎన్నడూ సడలలేదు. తండ్రి నాటి భూమి పత్రాన్ని చెదలు తిన్న నాటి నుంచి, ఇంట్లోకి వచ్చిన ప్రతి కాగితాన్నీ ఆయన ప్లాస్టిక్కులో సీలు చేయించేవాడు. రేషన్ కార్డు, కూతురు నందిని మార్కుల జాబితాలు, తన పెళ్లి పత్రిక, మిక్సీ గ్యారంటీ చీటీ, అన్నీ ఆ రక్షణలో ఉన్నాయి. మిక్సీ చెడిపోయి ఆరేళ్లయింది. గ్యారంటీ మాత్రం చెక్కుచెదరలేదు.

నందిని డిగ్రీ పూర్తి చేసిన పిల్ల. మంత్రగాళ్లు, రాక్షసులు, డ్రాగన్లు అచ్చయిన అట్టముక్కలతో ఇద్దరు ఎదురెదురుగా కూర్చుని ఆడే ఆట ఒకటుంది. ఆ ఆటలో ఆమె దిట్ట. బెంగళూరులో జరిగిన పోటీలో ఆమెకు బహుమతిగా వచ్చిన నీలి డ్రాగన్ కార్డు ప్రపంచం మొత్తం మీద కొన్ని వందలే అచ్చయిందట. దాన్ని మూడు లక్షలకు కొంటానని ఆ ఊరివాడే ప్రణీత్ అనే కార్డుల సేకరణదారు ఒప్పుకున్నాడు. ఆ డబ్బుతో అనంతపురంలో టవర్ క్లాకు దగ్గర ఒక గది అద్దెకు తీసుకుని ఆటల అంగడి పెట్టాలని నందిని ఆశ. ఆదివారం దాకా ఆగుతానని, తరువాత సెల్‌ఫోన్ల వారికి ఇచ్చేస్తానని గది యజమాని చెప్పాడు. ఎర్రన్న కూడా ఖచ్చితంగానే మాట్లాడాడు: దుడ్లు వస్తే అంగడి, రాకుంటే మేనమామ చీటీల ఆఫీసులో కుర్చీ.

పైకి అంత కటువుగా మాట్లాడినవాడు, లోపల మాత్రం అంగడి బోర్డు మీద ఏ రంగు అక్షరాలు ఉండాలో కూడా తేల్చుకుని ఉన్నాడు. ఆ సంగతి ఆయన ఎవరికీ చెప్పలేదు.

గది చూసి రావడానికి గురువారం సాయంత్రం అనంతపురం బస్సెక్కుతూ నందిని చెప్పింది: "నాయనా, శనివారం మధ్యాహ్నం ప్రణీత్ వస్తాడు. నేను బస్సు దిగేలోపల వస్తే కూచోబెట్టి మజ్జిగ ఇయ్యి. బీరువాలో నా డబ్బా మాత్రం ముట్టుకోవద్దు."

ముట్టుకోవద్దన్న మాటలో ఎర్రన్నకు వినిపించింది ఒక్కటే: మూడు లక్షలు ఆ డబ్బాలో ఉన్నాయి.

మరునాడు పాసుపుస్తకం కోసం బీరువా తెరిచినవాడు డబ్బా కూడా తెరిచాడు. పైనే నీలి డ్రాగన్ ఉంది, జీలకర్ర పొట్లం కట్టే పలుచని కవరు వంటి దానిలో.

"మూడు లచ్చలు పెట్టుకుని కూతురు చేసిన నిర్వాకం చూడు" అని భార్య రామసుబ్బమ్మకు చూపించాడు. "రవంత చెమ్మ తగిలితే యాడికి పోవాల?"

"చెమ్మ యాడుండాదయ్యా ఈ ఊర్లో" అంది రామసుబ్బమ్మ. కార్డును కవరులోంచి తీసి, వెలుగులో పెట్టి చూసి చెంపలు వేసుకుంది. "పడగ ఉండాది, నోట్లోనుంచి మబ్బు వస్తాండాది. ఉత్త చేతుల్తో ముట్టుకునేదేనా?" పాసుపుస్తకం ఇంటికి వచ్చిన నాడు ఏం చేసిందో దీనికీ అదే చేసింది. నాలుగు మూలలా పసుపు రాసి, నడుమ కుంకుమ బొట్టు పెట్టింది. బొట్టు డ్రాగన్ కంటి మీద పడింది.

బస్సులాగే చోట అజ్మతుల్లా జిరాక్సు అంగడి ముందు బీమా దరఖాస్తుల జనం బారులు తీరి ఉన్నారు. ఎర్రన్న వరసలో నిలబడకుండా గల్లా దగ్గరికి పోయి, తువ్వాలు మడత విప్పి కార్డు బల్ల మీద పెట్టాడు.

"ఏమన్నా ఇది?" అన్నాడు అజ్మతుల్లా.

"మెల్లగా మాట్లాడప్పా. మూడు లచ్చల సరుకు. గట్టిగా లామినేషన్ చెయ్యి."

మెల్లగా అన్న మాట వరస చివరిదాకా వినిపించింది. అజ్మతుల్లా కార్డును తిప్పి, వేలితో తడిమి, ట్యూబులైటు కింద పెట్టి, ముప్ఫై ఏళ్ల అనుభవంతో తీర్పు చెప్పాడు: "ఈ ప్రింటింగు ఇండియాలో యాడా లేదన్నా. రంగు చూడు, నీళ్ల మాదిరి ఉండాది. ఇది జర్మనీ మిషను పని. మూడు లచ్చలని నీకు చెప్పినోడు నిన్ను మోసం చేస్తాండాడు."

"అంటే?"

"ముప్ఫైకి తక్కువ ఇయ్యొద్దు."

వరసలో ఉన్న బయ్యన్న మెడ సాచి చూశాడు. అతడికి పదెకరాల మెట్ట, ఎనిమిది ఎండిన బోర్లు ఉన్నాయి. "మబ్బుల్ని మింగుతాండాదా, కక్కుతాండాదా అది?" అని అడిగాడు. "మింగేదైతే మూడేండ్లుగా వానలు యాడికి పోతాండాయో ఇప్పుడు తెలిసినాది."

అంగడి ముందరి బల్ల మీద కూర్చుని ఉచితంగా పత్రిక చదువుకునే గురప్ప సారు కూడా లేచి వచ్చాడు. ఆయన ప్రధానోపాధ్యాయుడిగా విరమించి నాలుగేళ్లయింది, కానీ ఆయన జేబులోని రబ్బరు ముద్ర ఇంకా విరమించలేదు. ఎవరి కాగితానికి వారే సంతకం చేసుకుంటే చాలని ప్రభుత్వం ఏనాడో చెప్పినా, ఆకుపచ్చ సిరా లేని కాగితాన్ని ఆ ప్రాంతం కాగితంగా గుర్తించదు.

"ఏమప్పా ఎర్రన్నా, వచ్చేవాడు ఇది నీదేనని ఎట్ల నమ్మాల? అటెస్టేషన్ ఉండాల గదా" అన్నాడు గురప్ప.

"ప్లాస్టిక్కు ఏసినాక సిరా నిలవదు సార్" అన్నాడు అజ్మతుల్లా. "ముందర మీ పని కానీయండి."

"అసలు యాడుండాది? దాంతో సరిచూడాల."

"ఇదే అసలు సార్."

గురప్ప క్షణం ఆలోచించాడు. నియమం నియమమే. కార్డును ఎడమ చేత్తో ఎత్తి చూసి, కుడి చేత్తో మళ్లీ ఎత్తి చూసి, "సరిపోయినాది" అని బల్ల మీద పెట్టాడు. తన దగ్గరున్న ఒకే ఒక్క ముద్రను డ్రాగన్ పొట్ట మీద వేశాడు. 'అసలుతో సరిచూచిన నకలు' అన్న అక్షరాలు నీలి పొలుసుల మీద చక్కగా తేలాయి. కింద పొడి అక్షరాలు, తేదీ, హోదా రాశాడు. హోదాకు ముందు 'విశ్రాంత' అన్న మాట పట్టడానికి చోటు లేకపోయింది.

లామినేషన్‌లో చిక్కు వచ్చింది. పెద్ద కవర్లు బీమా దరఖాస్తులకు అయిపోయాయి, మిగిలినవి ఆధార్ కార్డు కొలతవి. డ్రాగన్ అటూ ఇటూ గోరంత ఎక్కువైంది.

"అంచులు కోస్తే సరిపోతాదన్నా" అన్నాడు అజ్మతుల్లా.

"రెక్కలు పోతాయేమప్పా?"

"కొసలే గదా. మెడకాయ జోలికి పోను."

రెక్కల కొసలు చెత్తబుట్టలో పడ్డాయి. వేడి యంత్రంలోంచి డ్రాగన్ నిగనిగలాడుతూ బయటికి వచ్చింది. ఎవరూ లాక్కుపోకుండా ఉండటానికి అజ్మతుల్లా తల దగ్గర ఒక రంధ్రం పొడిచి ఎర్ర దారం కట్టాడు. దానికి అతడు ఏమీ తీసుకోలేదు. కార్డును మెడలో వేసుకుని ఎర్రన్న ఇంటికి నడిచేసరికి ముప్ఫై లక్షలు యాభై అయ్యాయి. బీమా జనం బస్సులెక్కి తమ తమ ఊళ్లు చేరేసరికి కోటి అయింది. పాసుపుస్తకం జిరాక్సు మాత్రం కాలేదు.

సాయంత్రం బయ్యన్న ఇంటికి వచ్చాడు. "అన్నా, ఒక్క గంట ఇయ్యి. చేన్లో తిప్పి, నీళ్లు యాడుండాయో చూసుకుని తెచ్చి ఇస్తా. టెంకాయ నాకు ఎనిమిదిసార్లు అబద్ధం చెప్పినాది. దీని నోట్లో నీళ్లు ఉండాయి, ఇది చెప్పదు."

ఎర్రన్న కాదనలేక కార్డుతోపాటు తానూ వెళ్లాడు. బయ్యన్న దారం కొస పట్టుకుని చేనంతా నడిచాడు. ఈశాన్యపు మూలకు రాగానే కార్డు గిరగిర తిరిగింది. అప్పుడే గాలి వీచింది. దారానికి వేలాడే తేలికపాటి వస్తువు గాలికి తిరగడం ప్రకృతి నియమం. కానీ చూడటానికి వెంట వచ్చిన పదకొండు మందిలో ఎవరికీ గాలి తగిలినట్టు లేదు. బయ్యన్న అక్కడ రాయి పాతాడు. తరువాతి వారం ఏడు వందల అడుగుల బోరు వేస్తే తెల్లటి దుమ్ము వచ్చింది. లామినేషన్ అడ్డం పడిందని అతడు ఈనాటికీ అంటాడు.

శనివారం పదకొండున్నరకే కారు వచ్చింది. ప్రణీత్ పాతికేళ్లవాడు. అరుగు మీద చాప పరిపించుకుని, సంచీలోంచి తెల్లని చేతి తొడుగులు, భూతద్దం తీశాడు. వాకిట్లో ఊరి జనం నిలబడ్డారు. అజ్మతుల్లా అంగడి మూసి వచ్చాడు. గురప్ప సారుకు కుర్చీ వేశారు. నందిని ఇంకా రాలేదు. ఎర్రన్న మజ్జిగ ఇచ్చి, మెడలోంచి దారం తీసి, రెండు చేతులతో అందించాడు.

ప్రణీత్ అందుకోలేదు. తొడుగులు ఒక్కొక్కటే విప్పేసి సంచీలో పెట్టుకున్నాడు.

"అంకుల్, ఇది ఎవరు చేసినారు?"

"అందరం తలా ఒక చెయ్యి వేసినాము" అన్నాడు ఎర్రన్న వినయంగా.

"ఇది పోయింది అంకుల్. మూల ఒక్కటి మెత్తబడితే సగం ధర పోతుంది. దీనికి మూలలే లేవు. పసుపు, సంతకం, రంధ్రం... ఇంక దీన్ని ఎవరూ కొనరు."

"ప్లాస్టిక్కులో పెట్టినాము గదప్పా, భద్రంగా."

"ప్లాస్టిక్కులో మేమూ పెడతాం. అది వేరే. అమెరికాకు పంపిస్తే అక్కడ కంపెనీవాళ్లు చూసి, ప్లాస్టిక్కులో సీలు చేసి, నంబరు వేసి, అసలుదేనని చీటీ పెట్టి ఇస్తారు."

ఎర్రన్న అర్థం చేసుకోవడానికి నిజాయితీగా ప్రయత్నించాడు. "వాళ్లూ చూసినారు, సారూ చూసినాడు. వాళ్లూ ప్లాస్టిక్కు ఏసినారు, అజ్మతూ ఏసినాడు. వాళ్లు చీటీ పెట్టినారు, సారు ముద్ర ఏసినాడు. మాకూ వాళ్లకూ తేడా ఏముండాదప్పా?"

ప్రణీత్ భూతద్దం కూడా సంచీలో పెట్టుకున్నాడు. "వాళ్లు అమెరికాలో ఉన్నారు అంకుల్" అన్నాడు చివరికి.

గురప్ప సారు కుర్చీలో సర్దుకుని కూర్చున్నాడు. ఎర్రన్న అరుగు అంచున కూలబడ్డాడు. టవర్ క్లాకు దగ్గరి గది తలుపు మీద సెల్‌ఫోన్ల బోర్డు లేవడం ఆయనకు స్పష్టంగా కనిపించింది. కూతురు మేనమామ ఆఫీసులో చీటీలు రాస్తూ, తలెత్తకుండా, ఏమీ అనకుండా ఉండటం కూడా కనిపించింది. తిడితే ఓర్చుకోగలడు. ఏమీ అనకపోతే ఎలా ఓర్చుకోవాలో ఆయనకు తెలియలేదు.

నందిని బస్సు దిగి జనాన్ని తప్పించుకుంటూ వచ్చింది. తండ్రి కార్డున్న చెయ్యి ముందుకు చాచాడు. ఆమె దారం పట్టుకుని పైకెత్తి చూసింది.

"డబ్బా ముట్టుకోవద్దంటిని గదా నాయనా."

"నీ అంగడి నేనే తినేస్తినమ్మా" అన్నాడు ఎర్రన్న.

నందిని సంచీ తెరిచి, గట్టి పెట్టెలో ఉన్న నీలి డ్రాగన్‌ను తీసి ప్రణీత్ చేతిలో పెట్టింది. "అసలుది ఇది. చూసుకోండి. మూడు లచ్చలది ఇంట్లో పెట్టిపోతానా? ఈయప్ప నా నామకరణం చీటీని గూడా లామినేషన్ చేయించినాడు. అది దినామూ ఆడుకునేకి తీయించుకున్న నకలు."

"యాడ తీయించినావు?" అన్నాడు ఎర్రన్న.

నందిని జనంలోకి చూసింది. "అజ్మతన్న దగ్గర. కరెంటు పోతాంటే రెండుసార్లు తీసిస్తివే, మర్చిపోయినావా అన్నా?"

నలభై తలలు అటు తిరిగాయి. అజ్మతుల్లా దగ్గాడు. "దినానికి నూరు తీస్తానమ్మా. ఏదని గుర్తు పెట్టుకునేది?"

"నకలని నేను నిన్ననే రాసిచ్చినాను గదప్పా" అన్నాడు గురప్ప సారు. "ఎవరన్నా చదివితే గదా."

ప్రణీత్ తొడుగులు మళ్లీ వేసుకుని, గంటసేపు పరీక్షించి, మూడు లక్షలు ఫోన్లోనే పంపించాడు. అమెరికాకు పంపి సీలు చేయించుకుంటానని మరీ చెప్పి వెళ్లాడు. సెల్‌ఫోన్ల వారికి గది దక్కలేదు. నందిని అంగడికి ఎర్ర అక్షరాల బోర్డు లేచింది. ఆ రంగు ఎంచింది తానేనని ఎర్రన్న అప్పుడు ఒప్పుకున్నాడు.

ఊరు మాత్రం తాను చూసినదాన్ని బట్టి నిర్ణయం చేసుకుంది. పసుపు లేని, సంతకం లేని, ముద్ర లేని బోసి కార్డు అసలుదెలా అవుతుంది? నందిని తెలివైన పిల్ల కనుక నకలును బెంగళూరువాడికి అంటగట్టి, అసలుదాన్ని బీరువాలో దాచుకుంది. ఎర్రన్న మొదట్లో రెండు మూడుసార్లు కాదని చెప్పాడు. చెప్పిన ప్రతిసారీ జనం గౌరవంగా నవ్వి, తలుపు జాగ్రత్త అన్నారు. ఆ గౌరవం అలవాటయ్యాక ఆయన కాదనడం మానేశాడు.

ఆ బీరువాలోని డ్రాగన్ అచ్చుకు అజ్మతుల్లా తీసుకున్నది ఇరవై రూపాయలు, లామినేషన్‌కు ముప్ఫై.